వింతలూ వివేచనా: కాలిన గ్రంథపు చుట్ట మొదలు చేతిలోని ఫోను వరకు



లోకములో జరుగుచున్న నూతన విషయములను ఏరి, మన కుటుంబములకు పనికివచ్చునవి ఈ పుటలో మీ ముందుంచుట మాకు అలవాటు. "కంప్యూటర్లు, ఇంటర్నెట్లు పట్టణపు వారికి గదా, పొలము పనిచేసుకొనే మనకెందుకు?" అని కొందరు పెద్దలు అడుగుతుంటారు. అయితే నేడు కూలికి వెళ్ళే తల్లి కొంగుముడిలో కూడ ఫోను ఉన్నది. అది మన ఇంట్లోకి రానే వచ్చినది గనుక దానిలోని మేలేదో కీడేదో తెలిసికొనుట అవసరము. ఈ నెల ఏడు సంగతులు ఏరినాము. చివరిది మాత్రము తప్పక చదవండి. చదువురాని వారు ఇంట ఉంటే వారికి చదివి వినిపించండి.

1. విప్పకుండానే చదివిన చుట్టలు

ఇటలీ దేశములో వెసూవియస్ అను అగ్నిపర్వతమున్నది. క్రీ.శ. 79లో అది బద్దలై, పాంపే, హెర్క్యులేనియం అను పట్టణములను బూడిదలో పూడ్చివేసినది. దానికి సుమారు ఇరువది సంవత్సరముల ముందు అపొస్తలుడైన పౌలు ఖైదీగా రోమాకు పోవుచు ఓడ దిగిన పొతియొలీ రేవు కూడ అదే అఖాతపు ఒడ్డున ఉన్నది. అనగా ఆ కొండను పౌలు తన కన్నులతో చూచియుండును.

హెర్క్యులేనియంలోని ఒక గొప్ప భవనములో వందలకొద్ది గ్రంథపు చుట్టలు 1750ల కాలములో త్రవ్వకములలో దొరికినవి. అవి కాలి, నల్లని బొగ్గుకట్టెల వలె అయిపోయినవి. విప్పబోతే పొడియగును. అందుచేత చాలా చుట్టలు రెండువందల డెబ్బది ఏళ్ళుగా ఎవరూ చదువలేక అట్లే పడియున్నవి.

అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు బ్రెంట్ సీల్స్ వీటిని విప్పకుండానే చదువవలెనని ఏండ్ల తరబడి శ్రమించినాడు. ఆసుపత్రిలో ఎముకలకు ఎక్స్‌రే తీసినట్లు, మరి ఎంతో శక్తిగల కిరణములతో చుట్టకు వేల చిత్రములు తీసి, లోపలి పొరలను కంప్యూటరులో ఒక్కొక్కటిగా పరచుటయే ఆ విధానము. చిక్కేమిటంటే, సిరా కూడ బొగ్గుతో చేసినదే. కాలిన కాగితమూ బొగ్గే. రెండింటికి భేదము కంటికి తెలియదు. అందుకని 2023లో ఈ చిత్రములను లోకమంతటికి ఇంటర్నెట్‌లో ఉచితముగా ఇచ్చి, చదివినవారికి బహుమానమని ప్రకటించినారు. ఆ సంవత్సరము అక్టోబరులో 21 ఏళ్ళ అమెరికా విద్యార్థి ల్యూక్ ఫారిటర్, కంప్యూటరుకు సిరా జాడలు గుర్తుపట్టుట నేర్పించి, మొదటి మాట చదివినాడు. అది గ్రీకు మాట. దాని అర్థము "ఊదారంగు".

ఊదారంగు అనగానే మనకు ఎవరు గుర్తుకు వస్తారు? ఫిలిప్పీ నదియొద్ద పౌలు మాటలు విన్న లూదియ. ఆమె వ్యాపారము ఆ రంగుదే. లూదియ కాలములో ఊదారంగు ఎంత విలువగలదో, ఎంత మంది నోళ్ళలో నానిన మాటో ఈ చుట్ట మరల జ్ఞాపకము చేసినది. 2024 ఫిబ్రవరిలో ఫారిటర్, ఐగుప్తుకు చెందిన యూసఫ్ నాదర్, స్విట్జర్లాండు యువకుడు జూలియన్ షిల్లిగర్ కలిసి రెండువేలకు పైగా అక్షరములు చదివి, 7 లక్షల డాలర్ల బహుమతి పొందినారు. అది సంగీతమును, భోజనమును, సుఖమును గూర్చిన గ్రీకు తత్త్వవేత్తల రాత.

ఇంతకంటె మనకు దగ్గరి సంగతి ఇంకొకటి. సౌలుకు భయపడి దావీదు దాగిన ఏన్గెదీలో 1970లో ఒక పాత సమాజమందిరపు శిథిలములలో కాలిన చుట్ట దొరికినది. నలువది ఏండ్లకు పైగా దానిని తాకుటకే భయపడినారు. ఇదే ఆచార్యుని విధానముతో 2015లో దానిని చదువగా, అది లేవీయకాండము ఆరంభ అధ్యాయములని తేలినది. మధ్యయుగములనుండి యూదులు కాపాడుకొనుచు వచ్చిన హెబ్రీ ప్రతులలోని అక్షరములతో అది సరిపోయినది. చేతితో వ్రాసి వ్రాసి అందించిన ఆ పేరు తెలియని లేఖికుల నమ్మకత్వము ఎంత గొప్పదో చూడండి.

2. 'జ్ఞా'నమునకు తట్టుకోలేని ఫోను

కంప్యూటరుకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. అందుచేత లోకములోని ప్రతి భాష అక్షరమునకు ఒక అంకె ఇచ్చినారు. ఆ ఏర్పాటు పేరు యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగు ఉన్నది. 'అ' అంకె 3077. 'క' అంకె 3093. దీనికి ముందు ఒక్కొక్క అచ్చుకూటము వారిది ఒక్కొక్క పద్ధతి. ఇక్కడ కూర్చిన తెలుగు వేరొక కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలే కనబడేవి. ఇప్పుడు దుబాయిలోని కొడుకు తెలుగులో వ్రాసిన మాట పల్లెలోని తల్లి ఫోనులో అట్లే కనబడుచున్నదంటే కారణమిదే.

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగినది. లోకములో ఖరీదైన ఫోనులలో ఒకటైన ఐఫోనుకు మన 'జ్ఞా' అను అక్షరము, కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి వస్తే చాలు, సందేశములు చూపే యాప్‌లు టపీమని మూతపడేవి. కొన్ని దినములు ఆకతాయిలు ఆ అక్షరము పంపి ఫోనులను చెడగొట్టినారు. అదే నెల 19న ఆపిల్ కంపెనీ దానిని సరిచేసినది.

నవ్వుకొనదగిన సంగతే. కాని తెలుగు ఒత్తులు, గుణింతములు ఎంత చిక్కనివో తెలియని చోట పరీక్షించకుండ విడిచిపెట్టుటవలన కలిగిన లోపమది. మన పిల్లలు తెలుగును చక్కగా చదివి, కంప్యూటరు విద్యయు నేర్చుకొంటే, ఇట్టి పనులకు వారు ఎంతో అవసరము. "తెలుగు చదివితే అన్నము పెట్టదు" అని పిల్లల ముందు అనకండి.

3. పాత మాటలకు ఇంటిలోనే నిఘంటువు

యౌవనస్థుల కూడికలో "కళ్ళము అంటే ఏమిటి? తూర్పారబట్టుట అంటే ఏమిటి?" అని అడిగితే ఇప్పుడు చాలమంది తెల్లముఖము వేస్తున్నారు. వరికోత యంత్రములు వచ్చినాక కళ్ళము చూచిన పిల్లలే తక్కువ. బైబిలులోని అనేక మాటలు వారికి పరాయివైపోయినవి.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరవారి తెలుగు నిఘంటువు అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయము వారు ఇంటర్నెట్‌లో ఉచితముగా పెట్టినారు. తెలుగు మాట కొట్టి వెదకితే అర్థము వచ్చును. అర్థములు ఇంగ్లీషులో ఉంటవి గనుక పదవ తరగతి చదివిన పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొండి.

బ్రౌను దొర కలకత్తాలో సేవచేసిన డేవిడ్ బ్రౌను అను పాదిరిగారి కుమారుడు. 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చి, తెలుగు నేర్చుకొని, పండితులకు జీతములిచ్చి తాళపత్రములు సేకరించి, వేమన పద్యములను 1829లో అచ్చువేయించినాడు. కడపలో ఆయన పేర గ్రంథాలయమున్నది. ఆయన సొంత డబ్బు, కండ్లచూపు, ఆయుష్షు ధారపోసిన పని ఇప్పుడు మన చేతిలోని ఫోనులో ఖర్చు లేకుండ దొరకుచున్నది.

4. మబ్బుల గుండా చూచే కన్ను

2025 జూలై 30న మన శ్రీహరికోటనుండి నైసార్ అను ఉపగ్రహము ఆకాశమునకు వెళ్ళినది. మన ఇస్రో, అమెరికా వారి నాసా కలిసి చేసిన పని ఇది. బరువు సుమారు 2,400 కిలోలు. భూమికి 740 కిలోమీటర్ల పైన తిరుగుచు, 12 దినములకొకసారి భూమి మీది ప్రతి చోటికి మరల వచ్చి చూచును. 12 మీటర్ల వెడల్పుగల గొడుగువంటి దాని యాంటెనా 2025 ఆగస్టులో విప్పుకొన్నది.

మామూలు కెమెరా చీకటిలోను మబ్బులోను చూడలేదు. ఇది రాడారు. తానే తరంగములను పంపి, తిరిగి వచ్చినవాటిని పట్టి బొమ్మ గీయును. గనుక రాత్రియైనా తుఫాను మబ్బు కమ్మినా దీనికి అడ్డులేదు. నేల కొన్ని సెంటీమీటర్లు కుంగినా, పొంగినా కనిపెట్టగలదు. పొలములోని తేమను, పైరు పెరుగుదలను, వరదనీరు నిలిచిన చోట్లను తెలుపుటకు ఉపయోగపడును.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకొనిపోయినారు. ఏ ఊరు మునిగెనో బయటివారికి తెలియుటకే దినములు పట్టినవి. ఆ దినములు చూచిన పెద్దలు ఇంకను మన సంఘములలో ఉన్నారు. నీరు ఎంతవరకు వచ్చెనో మబ్బుపైనుండి చూడగల కన్ను అప్పుడే ఉండియుంటే బాగుండెడిదని వారికి తోచకమానదు.

5. చూపులేనివారికి చూపు, చదువురానివారికి వాక్యము

హన్స్ యోర్గన్ వీబర్గ్ అను డెన్మార్కు దేశస్థుడు, తాను స్వయముగా చూపు మందగించినవాడు, 2015లో ఒక యాప్ ఆరంభించినాడు. దాని పేరు 'బీ మై ఐస్'. అనగా 'నా కన్నులై ఉండుము'. చూపులేని వ్యక్తి మందుసీసా ఎదుట ఫోను పెట్టి పిలిచితే, ఎక్కడో ఉన్న స్వచ్ఛంద సేవకుడు ఆ వీడియోలో చూచి "ఇది దగ్గుమందండి, తారీఖు దాటిపోయినది" అని చెప్పును. ఒక్క పైసా తీసికొనరు. సేవ చేయగోరు లక్షలమంది అందులో పేర్లు ఇచ్చుకొన్నారు. 2023 నుండి మనిషి లేకపోయినా కంప్యూటరే ఫోటో చూచి వివరించే ఏర్పాటు కూడ వచ్చినది. ఒక్క జాగ్రత్త: బ్యాంకు పుస్తకము, ఏటీఎం కార్డు అందులో చూపరాదు.

అట్లే 2008లో ఆరంభమైన యూవర్షన్ మొదలగు బైబిలు యాప్‌లు ఉచితముగా దొరకును. తెలుగు వాక్యమును చదివి వినిపించే ఏర్పాటు కూడ నేడు ఫోనులో ఉన్నది. మన సంఘములలో అక్షరము రాకపోయినా కీర్తనలు కంఠతా పట్టిన అవ్వలున్నారు. మనుమలారా, మీ అవ్వ ఫోనులో దానిని పెట్టి, ఏది నొక్కవలెనో ఓపికగా నాలుగుసార్లు చూపించండి. ఒకసారి చూపించి "అదీ రాదా?" అని విసుగుకొనవద్దు.

6. పందెము ఆటలపై చట్టము

ఫోనులో రమ్మీ మొదలగు డబ్బు పందెములను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసినది. డబ్బు ఒడ్డి ఆడు ఆటలను నడుపుట, వాటికి ప్రకటనలు ఇచ్చుట నేరము. ఆడి నష్టపోయినవానిని ఈ చట్టము నేరస్థునిగా చూడలేదు. నడిపినవానినే పట్టుకొన్నది. ఇది గమనింపదగిన భేదము. మీ ఇంట కొడుకు అప్పులపాలై ఉంటే, భయపడి దాచుకొనక మాట్లాడుటకు ఇది తోవ.

7. సిగ్గు అను తాళము

ఇక ముఖ్యమైన సంగతి. మా పాస్టరేటులోని ఒక గ్రామములో ఒక సహోదరి ఉన్నది. భర్త లేడు. డ్వాక్రా సంఘములో తీసుకొన్న అప్పు, మేకలమ్మిన డబ్బు కలిపి కుమార్తె నర్సింగు ఫీజుకని బ్యాంకులో ఉంచుకొన్నది. "మీ రైతు డబ్బు ఆగిపోయినది, ఇది నొక్కితే వచ్చును" అని ఫోనుకు ఒక ఫైలు వచ్చినది. నొక్కినది. సాయంకాలములోపు మూడుసార్లుగా 38,400 రూపాయలు పోయినవి.

ఆమె ఎవరికి చెప్పలేదు. పదకొండు దినములు అన్నము సరిగా తినక, ఆదివారము గుడికి వచ్చి అందరితోపాటు పాడి, ఇంటికి పోయి ఏడ్చినది. పన్నెండవ దినమున స్త్రీల కూడిక అయినాక అమ్మగారి చెయ్యి పట్టుకొని చెప్పినది. వెంటనే పోలీసు స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు వ్రాయించినాము. అప్పటికే ఆ డబ్బు ఎన్నో ఖాతాలు మారిపోయినది. తిరిగి రాలేదు. "ఎందుకమ్మా అప్పుడే చెప్పలేదు?" అంటే ఆమె అన్నది: "చదువులేనిదానికి ఫోనెందుకని నవ్వుతారని అయ్యగారూ."

ఆమె భయము వట్టిది కాదు. సంగతి తెలిసినాక గుడి ఆవరణలోనే ఒకరు సరిగ్గా ఆ మాటే అన్నారు. సహోదరులారా, దొంగ తీసికొనిపోయినది డబ్బు. పదకొండు దినములు ఆమె నోటికి తాళము వేసినది మాత్రము మన నవ్వు. పెద్ద ఉద్యోగులు, బాగా చదివినవారు కూడ ఇట్టి మోసములలో చిక్కుకొనుచున్నారు. ఆమె దురాశపడలేదు. తనకు రావలసిన డబ్బే అడిగినది.

కనుక ఈ క్రింది మాటలు ఇంటిల్లిపాది నేర్చుకొనవలెను.

డబ్బు పోయినట్లు తెలిసిన గడియలోనే 1930 అను నంబరుకు ఫోను చేయవలెను. ఇది ప్రభుత్వము వారిది. త్వరగా చెబితే డబ్బు చేతులు మారకముందే బ్యాంకులో ఆపివేయుటకు వీలుండును. ఆలస్యమైతే ఆ వీలు పోవును. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను చోట ఫిర్యాదు కూడ వ్రాయవచ్చును.

ఫోన్‌పే, గూగుల్‌పే వంటివాటిలో రహస్యపు పిన్ అంకె డబ్బు పంపుటకే గాని పుచ్చుకొనుటకు అవసరము లేదు. "డబ్బు వేస్తాను, పిన్ కొట్టండి" అన్నవాడు దొంగ.

పెండ్లి పత్రిక అనియు, బ్యాంకు కాగితమనియు వాట్సాప్‌లో వచ్చిన ఫైలు పేరు చివర 'ఏపీకే' అని ఉంటే అది పత్రిక కాదు. ఫోనులో దూరే యాప్. నొక్కవద్దు.

"మేము పోలీసులము, మీ పేర మత్తుమందుల పార్సిలు దొరికినది, వీడియో ఎదుటనుండి కదలవద్దు, డిజిటల్ అరెస్టు చేసినాము" అని బెదిరించువారున్నారు. మన దేశపు చట్టములో అట్టి అరెస్టు లేనే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రిగారు తన రేడియో ప్రసంగములో ఈ మాటే చెప్పి ప్రజలను హెచ్చరించినారు. ఫోను పెట్టివేయండి.

నేడు కంప్యూటరు మనిషి గొంతును కూడ అనుకరించగలదు. "అమ్మా, ప్రమాదమయినది, డబ్బు పంపు" అని కొడుకు గొంతే వినబడినా, పెట్టివేసి, కొడుకు పాత నంబరుకు మీరే ఫోను చేయండి. ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక గుర్తు మాట పెట్టుకొనుట మంచిది. చిన్ననాటి ముద్దుపేరైనా, చచ్చిపోయిన ఎద్దు పేరైనా సరే.

ఇట్లు పరీక్షించి చూచుట అవిశ్వాసమని కొందరనుకొందురు. కాదు. బెరయ ఊరివారు పౌలు చెప్పినది కూడ లేఖనములతో సరిచూచుకొన్నారు. అందుకు వాక్యము వారిని తప్పుపట్టలేదు, మెచ్చుకొన్నది. అపొస్తలుని మాటనే సరిచూచుకొన్నప్పుడు ముఖము తెలియని వాని మాటను సరిచూచుట తప్పా? వాట్సాప్‌లో వచ్చే "ఇది పదిమందికి పంపితే ఆశీర్వాదము" అను సందేశములకు కూడ ఇదే కొలత. పంపకముందు ఇది నిజమా అని అడగండి.

లూకా సువార్తలో నాణెము పోగొట్టుకొన్న స్త్రీ ఉన్నది. దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరికినాక చెలికత్తెలను, పొరుగువారిని పిలిచినది. ఆమె పోగొట్టుకొన్నందుకు ఆ పొరుగువారు నవ్వినట్లు వ్రాయబడలేదు. మన సంఘములలో పొరుగువారు అట్టివారైతే, మన తల్లులు నాణెము దొరికినాక కాదు, పోయిన గడియలోనే పిలుతురు.

సంఘపెద్దలకు ఒక మనవి. వచ్చే ఆదివారము ఆరాధన అయినాక పది నిమిషములు తీసికొని ఈ చివరి భాగము చదివి వినిపించండి. యౌవనస్థులు ఇద్దరేసి చొప్పున ఇంటింటికి వెళ్ళి 1930 అను అంకెను తలుపు వెనుక సుద్దతో వ్రాయండి. ఎవరైనా మోసపోయినామని చెప్పుకొంటే మొదట "ఎంత పోయినది?" అని గాని, "ఎందుకు నొక్కినావు?" అని గాని అడుగవద్దు. "పద, ఫోను చేద్దాము" అనండి.

ఆ సహోదరి కుమార్తె ఫీజు గడువు ఇంకను ఉన్నది. స్త్రీల కూడిక వారు పిడికెడు బియ్యపు డబ్బులో కొంత ఇచ్చుటకు ఒప్పుకొన్నారు. మిగతాది ఎట్లని ప్రార్థిస్తున్నాము. మీరును ప్రార్థించండి. మీ ఊరిలో అట్టి తల్లి ఒకరు నోరు మెదపక కూర్చొని యుండవచ్చును. వెళ్ళి పలుకరించండి.

మంచిదానిని చేపట్టుటకు జ్ఞానమును, పడిపోయినవారిని లేవనెత్తుటకు ప్రేమను దేవుడు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.